సవరణ: ఎన్‌జీసీ 613 సూపర్‌నోవా ఒక్క ఫొటోతో తేలినది కాదు

అర్జెంటీనాలోని రొసారియో నగరానికి చెందిన ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు విక్తోర్ బూసో “ఒక్క ఫొటోలో సూపర్‌నోవాను పట్టుకున్నారు” అని మునుపటి వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోవాలని మనవి (సూపర్‌నోవా అంటే నక్షత్రం పేలిపోవడం). 2016 సెప్టెంబరు 20న కొత్త కెమెరాను పరీక్షిస్తూ ఆయన ఎన్‌జీసీ 613 గెలాక్సీని 40 సెంటీమీటర్ల టెలిస్కోపుతో వరుసగా ఫొటోలు తీశారు. నగర దీపాల కాంతికి ఆకాశం తెల్లబారిపోకుండా ఒక్కో ఎక్స్‌పోజరును 20 సెకన్లకే పరిమితం చేశారు. మొదటి వరుసలో, తర్వాత సూపర్‌నోవా కనిపించిన చోట ఏమీ లేదు. కొంత విరామం తర్వాత తీసిన వాటిలో మసక చుక్క ఒకటి తేలి, చూస్తుండగానే ప్రకాశం పెంచుకుంది. ఆ ఖాళీ ఫొటోలే, నా దృష్టిలో, చుక్క ఉన్న ఫొటోలంత విలువైనవి. పేలుడు తాకిడి తరంగం నక్షత్ర ఉపరితలాన్ని చీల్చుకు వచ్చే ఘడియను ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మెలీనా బెర్‌స్టెన్ బృందం 2018లో ‘నేచర్’ పత్రికలో నిర్ధారించగలిగింది ఆ రెండింటినీ పోల్చడం వల్లనే.