గల్ఫ్ మన ఊళ్లో ఉంది, మన డిగ్రీలో లేదు

పోయిన ఎండాకాలం పరీక్షల టైమ్‌లో, రెండో సంవత్సరం బీఏ చదివే పిల్లవాడొకడు స్టాఫ్‌రూమ్‌కు వచ్చి నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. జగిత్యాల వైపు పిల్లవాడు, హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. వాళ్ల నాయన సౌదీలో ఒక కంపెనీలో 11 ఏళ్లు పనిచేసి, అంతకు నెల ముందే ఇంటికొచ్చాడు. కాగితం నిండా అరబ్బీ. అడుగున నాయన సంతకం మాత్రం తెలుగులో ఉంది. "నాయనకు కంపెనీ నుంచి ఇంకా పైసలు రావాలె సార్. ఇండ్ల ఏమున్నదో చెప్తరా?" అన్నాడు.

మేం అక్కడ ఏడుగురం ఉన్నాం. ముగ్గురికి పీహెచ్‌డీలున్నాయి. అందులో ఒక్క అక్షరం కూడా ఎవరికీ రాదు. అంతర్జాతీయ సంబంధాల పేపర్ చెప్పేది నేనే.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలు 1970ల నుంచి గల్ఫ్‌కు పోతూనే ఉన్నాయి. కఫీల్ (వీసా ఇచ్చే యజమాని), ఇకామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) అనే మాటలు అక్కడి ముసలమ్మలకు కూడా తెలుసు. యజమానిని వదిలి, కాగితాల్లేకుండా బతికేవాణ్ని 'ఖల్లివెల్లి' అంటారు. ఆ మాట వెనక ఎంత భయముందో ఊళ్లో పిల్లలకూ తెలుసు. అదే పిల్లలు డిగ్రీకొస్తే మనం చెప్పేదేమిటి? నేను చదువుకున్నప్పుడు బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్ రాజ్యాంగాలు, ఫ్రెంచి విప్లవం చదివాను. స్విస్ ప్రజలు రెఫరెండం ఎలా జరుపుకుంటారో ఇప్పటికీ గడగడా చెప్పగలను. మా ఊరి సగం ఇళ్లను నిలబెట్టిన సౌదీలో కార్మిక చట్టం ఏం చెబుతుందో మాత్రం ఆ కాగితం వచ్చేదాకా నేను తెరిచి చూడలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

ఆ చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబ్బీలో ఉండాలి. పక్కనే ఇంకో భాషలో రాసినా, రెండింటికీ తేడా వస్తే అరబ్బీలో ఉన్న మాటే చెల్లుతుంది. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బుకు కూడా లెక్క ఉంది. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. 11 ఏళ్లంటే ఎనిమిదిన్నర నెలల జీతం. సిరిసిల్లలోనో మెట్‌పల్లిలోనో ఒక ఇంటికి అది ఆడపిల్ల పెళ్లి ఖర్చు, లేదా అప్పు మిత్తి తీరే డబ్బు.

భాష ఒక్కటే వస్తే సరిపోతుందా? సరిపోదు. 2011లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ తెచ్చి, కంపెనీల్లో తమ దేశస్థులకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టింది. 2013లో దాని దెబ్బ మన ఊళ్లకు తగిలింది, విమానాల నిండా మనుషులు వెనక్కొచ్చారు. ఇక్కడ అందరూ "ఖర్మ" అనుకున్నారు. ఆ దేశంలో చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాల్లేకపోవడం, 2011 అరబ్ తిరుగుబాట్లు చూసి రాజకుటుంబాలకు పట్టుకున్న టెన్షన్, అన్నీ కలిసి ఆ నిర్ణయాన్ని త్వరపెట్టాయి. ఖతార్ 2020లో, యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారే వీలు కల్పించింది. దాని వెనక ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఉంది, ప్రపంచం పెట్టిన ఒత్తిడి ఉంది. వీటిని ముందే పసిగట్టి ఊరికి చెప్పగలిగే మనిషి మనకు కావాలి. అలాంటి మనిషి తయారవ్వాలంటే ఆసియా దేశాల భాష, చరిత్ర, రాజకీయం మూడూ ఒకే డిగ్రీలో చదవాలి. భాష మాత్రమే నేర్చినవాడు దుబాసీగా మిగులుతాడు. రాజకీయం మాత్రమే చదివినవాడు నాలాగా ఆ దేశాల గురించి లండన్ పత్రికల్లో చదువుకుంటూ ఉంటాడు.

ఈ మధ్య ఇంకో దారి కూడా తెరుచుకుంది, అది గల్ఫ్ కన్నా ఘోరం. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి, సరిహద్దు ఊరు మే సోత్ దగ్గర మోయి నది దాటించి, మయన్మార్‌లోని సైబర్ మోసాల కోటల్లో పెట్టారు. అలా చిక్కుకున్నవాళ్లలో మన తెలంగాణ పిల్లలూ ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కుందనీ, ఆ సరిహద్దు సాయుధ ముఠాల చేతిలో ఉందనీ క్లాసులో ఒక్క గంట చెప్పినా ఎవరో ఒకరు విమానం ఎక్కే ముందు ఆగేవారేమో.

మన ఇంట్లో ఉన్న ఆసియాను కూడా మనం మర్చిపోయాం. పాత భూమి తగాదా వచ్చిన ఏ రైతునైనా అడగండి. పహాణీ, ఖాస్రా, సేత్వార్, వసూల్ బాకీ అంటూ భూమి రికార్డుల పేర్లు చెప్పుకుపోతాడు. నిజాం సర్కారు 1884 దాకా ఫారసీలో, ఆ తర్వాత ఉర్దూలో నడిచింది. ఆ కాలపు రికార్డు చదివించుకోవడానికి ఇప్పుడు ఒక ముసలాయన కోసం వెతకాలి, ఆయన కూడా పోతే ఆ కాగితం మూగబోతుంది. చరిత్ర చదివే మన పిల్లలు ఉర్దూ లిపి నేర్చుకోకుండానే ఎంఏ కూడా దాటేస్తున్నారు.

ఇక చైనా. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడయ్యాడు. ఆ మరుసటి నెలలో వచ్చిన జాతీయ విద్యా విధానం, విదేశీ భాషల జాబితాలో కొరియన్, జపనీస్, థాయ్ లాంటివి పెట్టింది. అంతకుముందు ముసాయిదాలో ఉన్న చైనీస్ మాత్రం ఎగిరిపోయింది. కోపం నాకు అర్థమవుతుంది. కానీ సరిహద్దులో తగువున్న పొరుగువాడి భాష మనవాళ్లకు ఎక్కువ రావాలి గాని తక్కువ కాదు. మన రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది కూడా 2021 జూలైలో చైనాలోని ఫుజౌ ఆతిథ్యమిచ్చిన సమావేశంలోనే. ఆ దేశంతో మనకు శత్రుత్వమూ ఉంటుంది, పనీ ఉంటుంది. 'లుక్ ఈస్ట్' అని దేశాన్ని తూర్పు వైపు తిప్పిన పీవీ నరసింహారావు పుట్టింది నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో. 1993లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదిరింది కూడా ఆయన హయాంలోనే. చాలా భాషలొచ్చిన ప్రధాని మనవాడే అని గొప్పగా చెప్పుకుంటాం, ఆయన జిల్లాలో ఆ చదువుకు దారి వేయలేదు.

పిల్లలకు ఆసక్తి లేదా అంటే, ఉంది. గీసుగొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చాక, ఫోన్లలో కొరియన్ సీరియళ్లు చూసే ఆడపిల్లలు "ఆ భాష నేర్చుకుంటే అక్కడ ఉద్యోగమిస్తరా సార్" అని అడుగుతున్నారు. వాళ్లకు నేను బోర్డు మీద ఒక వాక్యం రాసి చూపిస్తాను. 'నేను బడికి వెళ్తాను' అన్నది జపనీస్‌లో 'వతాషి వ గక్కో ని ఇకిమాస్'. వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, 'ని' అంటే మన 'కి', ఇకిమాస్ అంటే వెళ్తాను. కొరియన్‌లో 'హక్క్యోఎ కాయో'. అక్కడా బడి ముందు, 'కి' దాని వెనక, క్రియ చివర. చివరి 'యో' మన 'అండి' లాగా మర్యాద కోసం. ఇంగ్లిష్ వాక్యం దగ్గర తడబడే పిల్లలు ఇది చూసి నవ్వుతారు. 'ఇది మన లెక్కనే ఉన్నది' అంటారు. వాక్యం కట్టడంలో అమెరికా పిల్లవాడి కన్నా మన పల్లె పిల్లకు ఇక్కడ ముందడుగు ఉంది.

అయినా అబద్ధం చెప్పకూడదు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబ్బీ, చైనీస్, జపనీస్, కొరియన్‌లలో ఏదైనా నేర్పడానికి 2200 తరగతి గంటలు లెక్కేసుకుంటుంది. మనం సెకండ్ లాంగ్వేజ్ పేరుతో వారానికి 4 గంటలు, ఏడాదికి 30 వారాలు చెబితే మూడేళ్లకు 360 గంటలు. సర్టిఫికెట్ వస్తుంది, భాష రాదు. వారానికి 10 గంటలిస్తే 900 అవుతాయి. అప్పుడు డిక్షనరీ పక్కన పెట్టుకుని పత్రికో, ఒప్పందం కాగితమో చదవగలడు. అందుకే ఉన్న బీఏకు ఇంకో పేపర్ అతికించే ఆలోచనకు నేను ఒప్పుకోను. భాషే సగం డిగ్రీ కావాలి, మిగతా సగంలో ఆ ప్రాంత చరిత్ర, మతం, రాజకీయం, కార్మిక చట్టాలు ఉండాలి.

మొదలుపెట్టాల్సింది అరబ్బీతో. కొరియన్, జపనీస్‌లకు ఇప్పుడు మెరుపు ఎక్కువ. 2021లో జపాన్‌తో నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరాక ఉద్యోగాల ఆశ కూడా పెరిగింది. అవీ రావాలి, తర్వాత. అరబ్బీ అవసరం మాత్రం ఇప్పటికే మన గడప లోపల ఉంది. చెప్పేవాళ్లు కూడా దూరం లేరు. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం మూడింట్లోనూ అరబ్బీ చదువుంది. అక్కడ చదివినవాళ్లు రైలెక్కితే రెండు మూడు గంటల్లో కాజీపేటలో దిగుతారు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఈ ఉత్తర జిల్లాల పిల్లలకు పెద్ద దిక్కు. ఒక్క కాలేజీలో ముప్పై సీట్లతో మొదలుపెట్టినా చాలు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, గలగలా అరబ్బీ మాట్లాడతారు, చదవడం రాదు. వారానికోసారి వాళ్లను క్లాసుకు పిలిచి, గౌరవంగా పైసలిచ్చి, పిల్లలతో మాట్లాడించాలి.

ఆ కాగితాన్ని చివరికి వరంగల్ మండి బజార్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ సార్ దగ్గరికి తీసుకుపోయాం. పిల్లవాడి నాయన కూడా వచ్చాడు. లిపి తెలుసు గనుక సార్ కూడబలుక్కుంటూ పైకి చదివారు. అన్ని మాటలూ తనకు తెలియవని ముందే చెప్పారు. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట 'ముఖాలసా'. సార్ డిక్షనరీ కోసం లేవబోతుంటే నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఖలాస్ అన్నట్టే గదా సార్? నాకు రావాల్సిందంత ముట్టింది, ఇగ లెక్క ఖలాస్ అని."

సార్ తలూపారు. కంపెనీవాళ్లు టికెట్ కోసమని చెప్పి నాయనతో సంతకం పెట్టించుకున్నారట. "ఒక్కలు సదివి ఇనిపిస్తే పెట్టకపోదును" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.