ఖాళీ కుర్చీ ఫొటో పెట్టి లెక్క తేల్చేస్తారా?

కొన్నాళ్లుగా విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన చేతులు మారుతోంది. ఐటీ ఉద్యోగుల గ్రూపుల్లో మొదలై ఇప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా వచ్చింది. సారం ఇదీ: ఊరూరా కో-వర్కింగ్ సెంటర్లకు, అంటే వేర్వేరు కంపెనీలవాళ్లు కూర్చుని పని చేసుకునే ఉమ్మడి ఆఫీసులకు, ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వడం శుద్ధ దండగ. అమెరికా ఎప్పుడో ఇదే పని చేసి, చేతులు కాల్చుకుని మూసేసింది. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఇల్లుండగా ఇంకో చోటు దేనికి? మన డిజిటల్ లైబ్రరీలు ఏమయ్యాయో చూశాం కదా? విశాఖ ఐటీ భవనాలున్న రుషికొండ మీద ఫ్లోర్లకు ఫ్లోర్లు ఖాళీగా ఉంటే కొత్త కుర్చీలు ఎవరి కోసం? ఆ డబ్బుతో తలా ఒక ల్యాప్‌టాప్, నెట్ కనెక్షన్ ఇస్తే పోలా? కింద ఒక ఖాళీ హాలు ఫొటో.

దీనికి మూలం 2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చేసిన ప్రకటన. ముఖ్యంగా ఆడవాళ్ల కోసం ఇంటి నుంచి పనిని రాష్ట్రంలో పెద్ద ఎత్తున తెస్తామన్నారు. ఐటీ, జీసీసీ (పెద్ద కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత సేవా కేంద్రాలు) పాలసీ 4.0 కింద ప్రతి నగరంలో, పట్టణంలో, మండలంలో ఐటీ ఆఫీసు స్థలాలు తయారు చేసే డెవలపర్లకు ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. కో-వర్కింగ్ సెంటర్లతో పాటు ‘నైబర్‌హుడ్ వర్క్‌స్పేస్’ (ఇంటి దగ్గర్లోనే పని చేసుకునే చోటు) అన్న మాటా అప్పుడే మనకు పరిచయమైంది. ఈ విధానాన్ని ప్రశ్నించాల్సిందే, అందులో అనుమానం లేదు. ఈ ఫార్వర్డ్ మాత్రం అడగాల్సినవి వదిలేసి అడగక్కర్లేనివి అడుగుతోంది.

అమెరికా సంగతితో మొదలుపెడదాం, అందరూ దాన్నే గట్టి సాక్ష్యం అనుకుంటున్నారు కాబట్టి. 1990ల తొలినాళ్లలో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం, తన భవనాల వ్యవహారాలు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ (జీఎస్ఏ) ద్వారా, వాషింగ్టన్ చుట్టుపక్కల మేరీలాండ్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో టెలివర్క్ సెంటర్లు పెట్టించింది. రాజధానిలో ఉద్యోగం, ఎక్కడో దూరంగా ఇల్లు, రోజూ గంటల తరబడి ట్రాఫిక్. ఇంట్లో చూస్తే డయల్-అప్ నెట్టు, ల్యాప్‌టాప్ ఇంకా అరుదు. అందుకని ఇంటికి దగ్గర్లో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక ఫోను ఏర్పాటు చేశారు. ఆ కాలానికి అది తెలివైన పనే.

కుర్చీలు అనుకున్నంతగా నిండలేదన్నది నిజం. ఎందుకు నిండలేదో ఫార్వర్డ్ చెప్పదు. సెంటర్లో కుర్చీ వాడుకుంటే ఉద్యోగి పనిచేసే శాఖ ఫీజు కట్టాలి. బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లలోకి వచ్చాక అదే మనిషిని ఇంట్లో పని చేసుకోమంటే శాఖకు ఆ ఫీజు మిగులుతుంది. ఇక ఏ ఆఫీసరు సంతకం పెడతాడు? 2010 డిసెంబరులో ఫెడరల్ ఉద్యోగుల టెలివర్క్‌కు ప్రత్యేక చట్టమే వచ్చింది. 2011 మార్చికల్లా జీఎస్ఏ ఈ సెంటర్లకు సాయం ఆపేసింది. ఏ అవసరానికి పుట్టాయో ఆ అవసరం ఇంట్లోనే తీరిపోతోంది కాబట్టి ఆపేశారు. అవి చిన్న చిన్న సెంటర్లు, వదిలించుకోవడమూ తేలికే.

వదిలించుకోలేనివి వేరే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఖర్చుల మీద నిఘా పెట్టే జీఏఓ 2023 జులైలో ఒక నివేదిక ఇచ్చింది. 24 ఫెడరల్ సంస్థల ప్రధాన కార్యాలయాలను పరిశీలిస్తే, 17 సంస్థలు తమ భవనాల సామర్థ్యంలో అంచనాగా 25 శాతమో అంతకన్నా తక్కువో మాత్రమే వాడుతున్నాయని తేలింది. ఆఫీసు భవనాల నిర్వహణకే ప్రభుత్వానికి ఏటా దాదాపు 200 కోట్ల డాలర్లు అవుతోంది. వృథాకు అమెరికా నుంచి సాక్ష్యం తేవాలంటే తేవాల్సింది ఇది. శివారులోని చిన్న సెంటర్లను చూపించి, నగరం నడిబొడ్డున ఉన్న మహా భవనాలను చూపించకపోవడం ఏం న్యాయం?

ఇల్లుండగా వేరే చోటెందుకన్న ప్రశ్న విశాఖలో ఉంటూ ఎలా అడుగుతున్నారో నాకర్థం కాదు. గాజువాకలోనో పెందుర్తిలోనో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అత్తమామలు, బడి నుంచి వచ్చిన పిల్లలు, హాల్లో టీవీ. ఆమె మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని క్లయింటు కాల్‌లో ఉంటే, ‘ఇంట్లోనే ఉన్నావుగా, కుక్కరు చూడమ్మా’ అని కేక. ఉద్యోగం ఇంటికొచ్చిందే తప్ప ఇంటిపని ఎక్కడికీ పోలేదు. ఆఫీసుకెళ్దామా అంటే గాజువాక నుంచి రుషికొండ దాదాపు పాతిక కిలోమీటర్లు. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుంటూ రావాలి. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో జనరేటరు, నమ్మకమైన నెట్టు, తలుపున్న గది దొరికితే అది విలాసం ఎలా అవుతుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. తీరంలో ఉన్న ఊరికి బ్యాకప్ ఉన్న నాలుగైదు చోట్లు ఉండటం మంచిదే.

ఇంకో సంగతి. మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులను కోడ్‌లుగా మార్చే పని) చేసేవాళ్లను, బ్యాంకు క్లయింట్లకు పని చేసేవాళ్లను అడగండి. చాలా ప్రాజెక్టుల్లో స్క్రీను వేరేవాళ్ల కంట పడకూడదు, ఫోను లోపలికి తేకూడదు. ఇల్లు ఆ నిబంధనకు సరిపోదు. అలాగని నలుగురూ కూర్చుని కాఫీ తాగే ఓపెన్ హాలూ సరిపోదు. తాళం వేసుకునే గదులు, లోపలికి ఎవరొచ్చారో రాసిపెట్టే పద్ధతి ఉండాలి. ప్రభుత్వం ప్రోత్సాహకం ఇచ్చే ముందు ఇవి అడుగుతోందా? ఫార్వర్డ్ ఈ ప్రశ్న వేసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

ఇక ఆ ఖాళీ హాలు ఫొటో. కిటికీలోంచి ఎండ పడుతోంది, అంటే పగలు తీసింది. అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్ల షిఫ్టు మన సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున తొమ్మిదింటికి హాలు ఖాళీగా ఉందంటే ఆ గంటకు ఖాళీ అనే అర్థం. కుర్చీలు ఎంత నిండాయన్న లెక్క ఎప్పుడూ గంటల మీద, రోజుల మీద కట్టాలి. ఫొటో మీద కాదు.

డిజిటల్ లైబ్రరీల విషయంలో మాత్రం ఫార్వర్డ్‌తో నాకు పేచీ లేదు. గత ప్రభుత్వం పంచాయతీకొకటి అని చెప్పి తొలి విడతలో 4,530 తలపెట్టింది. పల్లెల్లో కూర్చుని నగరాల ఉద్యోగాలు చేసుకోవచ్చన్నది ప్రకటించిన ఉద్దేశం. చాలాచోట్ల భవనాలే పూర్తి కాలేదు. అయితే తప్పు ఎక్కడ జరిగిందో చూడాలి. ముందు స్థలం, తర్వాత పునాది, ఆ తర్వాత బిల్లులు. ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎవరన్న ప్రశ్న అన్నిటికన్నా చివర. స్లాబు పడితే పథకం అమలైనట్టే లెక్క రాసుకునే అలవాటు ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు.

కాబట్టి కొత్త విధానంలో చూడాల్సింది ప్రోత్సాహకం దేనికిస్తున్నారన్నది. కుర్చీ వేసినందుకా, కుర్చీలో మనిషి కూర్చున్నందుకా? మొదటిదానికిస్తే డెవలపరు కుర్చీలు వేసి డబ్బు తీసుకుని వెళ్తాడు, నాలుగేళ్లకు అది పెళ్లిళ్ల హాలు అవుతుంది. ఐర్లాండ్ ప్రభుత్వం 2022లో ఇంకో దారి పట్టింది. ఊళ్లలో అప్పటికే ఉన్న వర్కింగ్ హబ్‌లను ఒకే నెట్‌వర్క్ కిందికి తెచ్చి, అక్కడ ఉచితంగా పని చేసుకునేందుకు వోచర్లు ఇచ్చింది. అలాంటప్పుడు మనిషి వస్తేనే ప్రభుత్వం డబ్బు కదులుతుంది, రాకపోతే ఖజానాలోనే ఉంటుంది. ఇది మన దగ్గర పెద్ద కష్టమేం కాదు. లాగిన్ ఆధారంగా నెలనెలా చెల్లించవచ్చు.

రుషికొండ ఖాళీల గురించి చెప్పేటప్పుడు ఫార్వర్డ్ రాసినాయన బోడిగుండుకూ మోకాలికీ ముడి వేశాడు. ఆ కొండల మీద ఐటీ స్థలంలో పెద్ద భాగం సెజ్‌గా, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిగా, నోటిఫై అయింది. సెజ్‌లో ఫ్లోరు ఖాళీగా ఉన్నా బయటి కంపెనీకి మామూలుగా అద్దెకివ్వడానికి లేదు, సెజ్ యూనిట్టే, అంటే సెజ్ అనుమతి ఉన్న కంపెనీయే, రావాలి. కొత్త యూనిట్లకు ఆదాయపు పన్ను రాయితీ 2020 మార్చితో ముగిసింది, కోవిడ్ వల్ల గడువు కాస్త జరిగిందంతే. రాయితీ పోయాక సెజ్ షరతులు మోసేదెవరు? ఫ్లోరు వారీగా సెజ్ నుంచి విడదీసి ఇతరులకు ఇచ్చుకునే వీలు 2023 డిసెంబరులో గానీ రాలేదు. సెజ్ ఉద్యోగులు ఇంటి నుంచి పని చేయడానికీ ఢిల్లీ అనుమతే కావాలి. 2022 జులైలో సెజ్ నిబంధనల్లో 43ఏ అనే నియమం చేర్చి సగం మంది సిబ్బందికి ఏడాదిపాటు అన్నారు. అదే ఏడాది డిసెంబరులో అందరికీ అన్నారు, గడువు 2023 చివరిదాకా, తర్వాత 2024 చివరిదాకా. విశాఖలో గిరాకీ లేదని ఆ ఖాళీలు చెప్పవు. చాలావరకు అవి ఢిల్లీ నుంచి వచ్చిన నోటిఫికేషన్ల ఫలితం.

పైగా అలాంటి భవనాలు ఇప్పుడు అక్కరకొస్తున్నాయి కూడా. కాగ్నిజెంట్ సొంత క్యాంపస్‌కు 2025 డిసెంబరులో కాపులుప్పాడలో శంకుస్థాపన జరిగింది. అది కట్టేలోగా పని మొదలైంది రుషికొండలో అప్పటికే ఉన్న భవనంలో. అన్నట్టు, ప్రజల సొమ్ము గురించి ఇంత బెంగపడిన ఫార్వర్డ్‌లో టీసీఎస్‌కు ఇచ్చిన 21.16 ఎకరాల ప్రస్తావనే లేదు. 99 పైసలకు ఇచ్చారు. అది మంచి బేరమా కాదా అన్నది వేరే చర్చ. కానీ రుషికొండలో భూమి విలువ తెలిసినవాళ్లు కుర్చీల ఖర్చు దగ్గరే ఆగిపోరు.

ల్యాప్‌టాప్, నెట్టు ఇస్తే చాలదా? ల్యాప్‌టాప్ కంపెనీయే ఇస్తుంది. నెట్టు సంగతికొస్తే, 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోనులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. నాణ్యత మీద ఎన్ని ఫిర్యాదులున్నా తీగ అయితే ఇళ్లలోకి వచ్చింది. ఇంట్లో లేనివి తలుపున్న గది, జనరేటరు. అవి తలా ఒకటి పంచేవి కావు.

2025లో గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ వచ్చి ఒక సర్వే చేశారు, గుర్తుందా? ఎవరికి ఏ చదువుంది, ఇంటి నుంచి పని చేస్తారా, ఎక్కడి నుంచి చేస్తారు అని అడిగి రాసుకున్నారు. మండలాల వారీగా ఆ వివరాలు జనం ముందు పెట్టమని అడుగుదాం. పెందుర్తిలో ఎంతమందికి కుర్చీ కావాలో, భీమిలిలో అసలు కావాలో వద్దో, ప్రోత్సాహకం గడువు అయిపోయాక ఆ కుర్చీకి అద్దె కంపెనీ కడుతుందో ఉద్యోగి కడతాడో అప్పుడు కూర్చుని వాదించుకోవచ్చు. ఈలోగా ఆ ఫొటో ఇంకోసారి ఎవరైనా పంపితే, ఏ సెంటరు, ఏ రోజు, ఎన్ని గంటలకు తీశారో అడగండి.