ఉచిత ఆటకు రూపాయల్లో ధర రాయాలి

తల్లికి వందనం సొమ్మయినా, మత్స్యకారుల వేట నిషేధ భృతి అయినా, గుజరాత్‌లోని వెరావల్‌కో చెన్నైకో వలసపోయిన తండ్రి పంపే డబ్బయినా ఇప్పుడు చేరేది బ్యాంకు ఖాతాకే. ఆ ఖాతా తాళం ఫోన్‌లో ఉంది, పిల్లాడి ఆటా అందులోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో యూపీఐ పిన్ మామ్మకంటే మనవడికే బాగా గుర్తు. రీఛార్జి చేసిపెట్టేది వాడే మరి.

ఆటను ఊరికే ఇచ్చి లోపల సరుకు అమ్ముకోవడాన్ని మేం తప్పుపట్టడం లేదు. ఆడేవారిలో ఎక్కువమంది పైసా కట్టరు, కట్టే కొద్దిమంది మీదే వ్యాపారం నడుస్తుంది. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఆగలేనివాడు కొంటాడు. అది కంటికి కనిపించే బేరమే. ఆటలో డబ్బులా చెల్లే డైమండ్ల సంగతి వేరు. తుపాకీకి తొడిగే కొత్త రంగూరూపం, అంటే స్కిన్, 100 డైమండ్లు, అమ్మే ప్యాకులు 80, 170 అనుకుందాం. 80 చాలదు, 170 కొంటే 70 మిగులుతాయి. వాటితో ఇంకో స్కిన్ రాదు గనక మళ్లీ ప్యాకు కొనాలి. ఆ మిగులు పొరపాటున మిగిలింది కాదు, లెక్కవేసి మిగిల్చిందే. ఈలోగా స్కిన్‌కు ఎన్ని రూపాయలు పడ్డాయో పిల్లాడికే కాదు, పెద్దలకూ అంతుపట్టదు.

ఏం వస్తుందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే లక్కీ బాక్సులు (లూట్ బాక్సులు) ఇంకా ఘోరం. ఒక శాతం అవకాశం అని రాసి ఉంటే వందసార్లు తిప్పితే వచ్చి తీరుతుందని పిల్లల నమ్మకం. నిజానికి వందేసిసార్లు తిప్పిన వందమందిలో సుమారు 37 మందికి ఆ వస్తువు దక్కదు. పైడితల్లి జాతరలో రింగులాట వాడైనా రింగు ఎంతుందో, సబ్బుపెట్టె ఎంతుందో ఎదుటే పెడతాడు.

ఇలాంటి బాక్సుల్లో వచ్చే వస్తువుల సెట్టంతా కూడబెడితేనే పెద్ద బహుమతి ఇచ్చే 'కంప్లీట్ గాచా'ను జపాన్ 2012లోనే అడ్డుకుంది. బెల్జియం 2018లో డబ్బుతో కొనే లూట్ బాక్సులను జూదం కింద లెక్కగట్టింది. ఒక్క బటన్ తగిలితేనే కొనుగోలు అయిపోయేలా తెరను అమర్చిందన్న ఆరోపణపై ఫోర్ట్‌నైట్ ఆట తయారీ సంస్థ 2022లో అమెరికాలో 24.5 కోట్ల డాలర్ల వాపసుకు ఒప్పుకుంది. మన దేశం 2025లో చట్టం తెచ్చి డబ్బు పందెం ఆటలను నిషేధించింది గానీ, అందులో లూట్ బాక్సుల ఊసు లేదు. 'ఇంకా రెండు గంటలే' అంటూ లేని తొందర పెట్టడం కొనేవారిని మాయచేసే తెర ఎత్తుగడలపై (డార్క్ ప్యాటర్న్స్) కేంద్రం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తప్పే. అమలు చేయించేదెవరు?

కేంద్రం చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రతి వస్తువు పక్కనా రూపాయల్లో ధర వేయించాలి. మైనర్ల ఖర్చుకు నెలవారీ హద్దు పెట్టాలి. చైనా 2019లో 8 నుంచి 16 ఏళ్ల లోపు వారికి నెలకు 200 యువాన్లే అంది.

ఇంట్లో చేసుకోవాల్సినవీ ఉన్నాయి. ముందు పిన్ మార్చాలి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టాలి. అయితే ఆ ఫోన్‌లో పిల్లాడి వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటే ఈ తాళం ఉన్నా లేనట్టే. వారం, నెల మెంబర్‌షిప్ తీసుకుని ఉంటే ఆట డిలీట్ చేసినంత మాత్రాన ఆగదు, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. తెలియక కొన్నదానికి గూగుల్‌ను 48 గంటల్లోపు వాపసు అడగడం మేలు, ఆ తర్వాత గేమ్ కంపెనీ చుట్టూ తిరగాలి. సగం ధరకే డైమండ్లంటూ వాట్సాప్‌లో ఊరించి డబ్బు కాజేస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, కంపెనీతో పేచీ అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి.

ఇదంతా చదివి ఎవరికి వారు చేసుకుంటారనుకోవడం అత్యాశ. బడుల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజున సచివాలయ డిజిటల్ అసిస్టెంటును ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి తల్లి ఫోన్‌లోనూ ఈ సెట్టింగులు అక్కడికక్కడే మార్పించాలని రెండు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.