బ్యాక్‌లింకు గారి దివ్యసముఖమునకు ఒక రేట్ కార్డు బాధితుడి విన్నపం

శ్రీయుత బ్యాక్‌లింకు గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను సెర్చి ఫలితాల రెండో పేజీ అడుగున క్షేమంగానే ఉన్నాను. ఒక సైటు నుంచి మరో సైటుకు దారి చూపే లింకులైన తమరు మొదటి పేజీలోని పెద్దల ఇళ్లలో సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను.

ఇవాళ పొద్దున వచ్చిన ఒక మెయిలు ఈ ఉత్తరానికి కారణం. గద్వాల చీర మీద నేను రాసిన వ్యాసాన్ని ఒక పెద్ద తెలుగు వార్తా పోర్టల్ వారు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎత్తి తమ జీవనశైలి విభాగంలో వేసుకున్నారు. కింద సన్నటి అక్షరాలతో ‘సేకరణ: ఇంటర్నెట్’ అని వేశారు కాబట్టి వారికి నిజాయితీ లేదనడానికి వీల్లేదు. వ్యాసం తీసేయనక్కర్లేదు, మూలానికి ఒక్క లింకు ఇస్తే చాలునని నేను ఎంతో మర్యాదగా రాసుకున్నాను. సంపాదకులు జవాబివ్వలేదు గానీ, వారి మార్కెటింగ్ విభాగం ఇచ్చింది. సంస్థ విధానం ప్రకారం బయటి సైట్లకు ఉచితంగా లింకులు ఇవ్వడం కుదరదట. ఆసక్తి ఉంటే జతపరిచిన రేట్ కార్డును పరిశీలించగలరట. అందులో సెర్చి ర్యాంకుకు పనికొచ్చే డూఫాలో లింకుకు ఒక ధర ఉంది, ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గుర్తు పెట్టిన నోఫాలోకు అందులో సగం ఉంది, ఏడాది తిరగగానే తీసేసే లింకుకు ఒక లెక్క, ‘శాశ్వత’ లింకుకు ఇంకో లెక్క ఉన్నాయి, వీటన్నిటి మీదా జీఎస్టీ అదనం. ఎత్తుకుపోయిన మా స్టీలు బిందె మీద మా ఇంటిపేరు చెక్కించుకోవడానికి, ఎత్తుకుపోయినవాడికే కూలి ఇచ్చుకోవాలన్నమాట.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాణ్ణి గనుకనే నాకింత బాధ. 1996 ప్రాంతంలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు కట్టిన సెర్చి ఇంజనుకు మొదట పెట్టిన పేరు బ్యాక్‌రబ్. గూగుల్ అన్న పేరు ఇంకా పుట్టకముందే వారు తమరి పేరు చెప్పుకొని బతికారు. ఆ ఆలోచన కూడా ఎంత ముచ్చటైనది! పరిశోధన పత్రాల్లో ఒకరి పనిని మరొకరు ఉటంకిస్తారు కదా, ఎక్కువమంది ఉటంకించిన పత్రానికి విలువ ఎక్కువ, పేరున్న పత్రం ఉటంకిస్తే ఆ విలువ ఇంకా ఎక్కువ అన్న సూత్రాన్నే వెబ్ పేజీలకు పట్టించి, 1998లో ప్రచురించిన పత్రంలో దాన్ని పేజ్‌ర్యాంక్ పేరుతో వివరించారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే, ఈ సంగతి నాకు అక్కడ దొరికింది, మీరూ అక్కడికి వెళ్లి చూడండి అని సాక్ష్యం చెప్పినట్టే లెక్క. సాక్షి ఎంత పెద్దమనిషైతే సాక్ష్యానికి అంత బరువు.

ఇదేమీ మనకు కొత్త సంగతి కాదు. మన కావ్యాల అవతారికల్లో ఇష్టదేవతాస్తుతి తర్వాత పూర్వకవిస్తుతి చేయకుండా కవి కథలోకి దిగేవాడు కాదు. ఆ వెంటనే కుకవినింద కూడా చేసేవాడు కాబట్టి, గూగుల్ వారు 2012 అక్టోబరులో తెచ్చిన, చెడ్డ లింకులను మా లెక్కలో వేయొద్దని చెప్పుకునే డిసవో పరికరానికి సైతం మన దగ్గర పూర్వరూపం ఉన్నదనే చెప్పుకోవచ్చు. నేటి మెదక్ జిల్లా కొల్చారం వారు తమ ఊరివాడిగా చెప్పుకునే మల్లినాథ సూరి, మూలం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. అటువంటి వారి వారసులం ఇవాళ ‘సేకరణ’ అన్న ఒక్క మాటతో పూర్వకవులందరినీ కలిపి తుడిచేస్తున్నాం.

తమరి పేరు మీద జరుగుతున్న మిగతా వ్యాపారం గురించి కూడా రెండు ముక్కలు మనవి చేసుకుంటాను. అమీర్‌పేటలో ఏ సందులోకి తిరిగినా ఆఫ్‌పేజ్ ఎస్ఈఓ, అంటే బయటి లింకులతో సైటును సెర్చిలో పైకెక్కించే విద్య, నేర్పుతామనే బోర్డు కనబడుతుంది. అక్కడ నేర్చుకున్న కుర్రవాళ్లు పంపే ఎక్సెల్ షీటులో డైరెక్టరీ లింకులు, ప్రొఫైల్ లింకులు, బుక్‌మార్కింగ్ లింకులు వరసలు తీరి ఉంటాయి, వాటిని మనుషులు మాత్రం ఎవరూ చదవరు. ప్రతి వరస పక్కనా డీఏ (డొమైన్ అథారిటీ) అని ఒక అంకె ఉంటుంది. అది మోజ్ అనే సంస్థ సొంతంగా వేసుకున్న నూటికిన్ని మార్కుల లెక్క, ర్యాంకులకు దాన్ని వాడబోమని గూగుల్ వారు పలుమార్లు చెప్పారు. అయినా సంబంధాలు కుదిర్చే పేరయ్య జాతకాలు చూపించినంత నమ్మకంగా దాన్ని చూపిస్తారు. ఇక గెస్ట్ పోస్టు వారి మెయిళ్లు. ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ అని మొదలుపెట్టి, నా సైటు చూసి ముగ్ధులమయ్యామని చెప్పి, నూలు చీరలకూ పట్టు అంచులకూ ఎంతో సందర్భోచితమైన వ్యాసమొకటి ఉచితంగా రాసిస్తామంటారు. తీరా చూస్తే అది ఆన్‌లైన్ రమ్మీ మీద. డబ్బు పెట్టి ఆడే ఆ ఆటను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించిన సంగతి వారి మెయిలింగ్ లిస్టుకు ఇంకా చేరినట్టు లేదు.

గూగుల్ వారు ఊరుకున్నారని నేననను. వ్యాఖ్యల పెట్టెల్లో లింకులు కుమ్మరించే వారిని ఆపడానికి 2005లో నోఫాలో తెచ్చారు. 2011లో జేసీ పెనీ అనే అమెరికా దుకాణాల సంస్థకు ఏ సంబంధమూ లేని సైట్ల నుంచి లింకులు వచ్చిపడుతున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెడితే, దాన్ని ఫలితాల్లో అట్టడుగుకు తోశారు. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే సెర్చి సవరణ వచ్చి కొనుక్కున్న లింకుల మీద కట్టిన సైట్లను కూల్చేసింది. డబ్బు ఇచ్చి తీసుకున్న లింకుకు ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తు పెట్టమని 2019లో చెప్పారు. పేరున్న సైట్లు తమ పరపతిని బయటివారికి అద్దెకిచ్చి అప్పుల యాప్‌ల ప్రకటనలనూ, కూపన్లనూ పైకెక్కించడాన్ని 2024 మార్చిలో స్పామ్ కింద చేర్చారు. ఇన్ని చేసినవారికి, ఒక తెలుగు వ్యాసం ముందుగా ఎక్కడ పుట్టిందో పోల్చుకోవడం ఎందుకు చేతకావడం లేదన్నదే నా సందేహం.

నా బాధ అక్కడే ఉంది. గద్వాల చీర గురించి ఎవరైనా వెతికితే పోర్టల్ వారి పేజీ పైన వస్తుంది, నాది వెనకెక్కడో వస్తుంది. మగ్గం పక్కన గంటల తరబడి కూర్చుని, రెండు పక్కలా పట్టు అంచులకు పేకను, అంటే అడ్డపోగును, మోసే వేరు నాడెలు, నడుమ నూలుకు వేరు నాడె ఎలా ఆడతాయో, నూలు పేకా పట్టు పేకా ఒకదానినొకటి ఎక్కడ పెనవేసుకుంటాయో నేత మనిషిని అడిగి తెలుసుకుని, దాన్ని మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా రాయడానికి నేను పడిన శ్రమ అంతా ఆ పేజీలో ఉంది, ఆ నేత మనిషి నాకు ఇచ్చిన టీ సంగతితో సహా. ‘ఈ విషయం మనం ఇంతకుముందే చెప్పుకున్నాం’ అని నేను నా పాత వ్యాసాన్ని తలచుకున్న వాక్యం కూడా ఉంది. పోర్టల్ వారు ఎప్పుడు చెప్పుకున్నారో వారికే తెలియాలి. అన్నిటికంటే నాకు కంట్లో నలుసులా గుచ్చుకుంటున్నది మరొకటి. అంచునూ నడుమనూ ఇలా పెనవేసే కుప్పడం పని గురించి వివరంగా రాసిన నా ఇంకో పేజీకి దారి చూపుతూ ‘వివరాలకు ఇక్కడ నొక్కండి’ అని పెట్టుకున్నాను. ఎత్తి అతికించేటప్పుడు లింకు రాలిపోయి అక్షరాలు మిగిలాయి. ఆ పేజీ చదివే పాఠకులు ఆ ‘ఇక్కడ’ మీద నొక్కుతూనే ఉంటారు, ఏమీ తెరుచుకోదు. మొత్తం వ్యాసాన్ని ఎత్తే ఓపిక ఉన్న వారికి ఆ రెండు మాటలు తీసేసే ఓపిక కూడా లేకపోయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఒక కళాశాల వారు చేనేత మీద చదవవలసిన వాటి జాబితా పెడితే, అందులో నా వ్యాసానికి చోటు దక్కింది, లింకు మాత్రం పోర్టల్‌కు పోయింది. ఒక ప్రవాసాంధ్ర సంఘం వారి సంచికలోనూ అదే జరిగింది. అంటే నాణ్యమైన రచన చేయండి, లింకులు వాటంతట అవే వస్తాయి అని ఎస్ఈఓ పండితులు చెప్పే మాట అక్షరాలా నిజం. అవి వస్తున్నాయి, దొంగిలించినవాడి ఇంటికి వస్తున్నాయి. వచ్చిన ప్రతి లింకూ ఆ పేజీని ఇంకో మెట్టు ఎక్కిస్తోంది. అది పైకెక్కిన కొద్దీ తర్వాత రాసేవారికి ముందుగా అదే దొరుకుతుంది, వాళ్లూ దానికే లింకు ఇస్తారు. ఒకసారి పడిన ఈ చక్రం ఇక ఆగదు.

పోనీ ఏడుస్తూనే రేట్ కార్డు ప్రకారం డబ్బు కట్టేద్దామా అంటే, ర్యాంకు కోసం డబ్బిచ్చి డూఫాలో లింకు కొనడం గూగుల్ నిబంధనల ప్రకారం నేరం, దొరికితే శిక్ష పడేది నా సైటుకు. నోఫాలో కొంటే నేరం లేదు, ర్యాంకుకు లాభమూ ఉండదు. వ్యాసం నాదేనని ఫిర్యాదు చేద్దామంటే, మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ఎంత పదిలంగా ఉన్నా, గూగుల్ వారి ఫారం అడిగేది అమెరికా వారి 1998 నాటి చట్టం పేరు మీద. జోగుళాంబ గద్వాల జిల్లాలో నేసిన చీర మీద ఒక తెలుగువాడు తెలుగులో రాసినదాన్ని ఇంకో తెలుగువాడు ఎత్తేస్తే, నేను అమెరికా చట్టం కింద ప్రమాణం చేసి ఇంగ్లీషులో వాదించుకోవాలి.

ఇక మర్యాద చాలు, చూడు నాయనా బ్యాక్‌లింకూ! నిన్ను పుట్టించింది సాక్ష్యం చెప్పమని. నువ్వేమో సంతలో నిలబడి రేటు చెబుతున్నావు. డబ్బున్నవాడి దగ్గరికి పిలవకుండానే పోతావు, రాసినవాడి ఇంటి ముందు నుంచి తల తిప్పుకొని పోతావు. ఒక వాక్యం ఎవరిదో చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది, ఒక్క పైసా ఖర్చు కాదు. ఆ పనికి ధర కట్టిన రోజునే నీకు సాక్షివన్న పేరు పోయింది. వాళ్లకు సిగ్గు లేకపోతే నీకైనా ఉండాలి కదా?

కోపంలో ఏకవచనం వాడాను, మన్నించండి. తమరితో నాకు పాత స్నేహం ఉంది కాబట్టే చనువు తీసుకున్నాను. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం, మాలిక ఉన్న రోజుల్లో తెలుగులో రాసేవారు ఒకరి పేజీ పక్కపట్టీలో మరొకరి పేరు పెట్టుకునేవారు. డీఏ ఎంతని ఎవరూ అడిగేవారు కాదు, పోట్లాడుకున్నవారు కూడా పోట్లాటకు లింకు ఇచ్చేవారు. అలాంటి లింకు ఒకటి నాకీమధ్య షోలాపూర్ నుంచి వచ్చింది. తాతల కాలంలో మన వైపు నుంచి అక్కడికి వలసపోయిన పద్మశాలీ కుటుంబం వారట. ఇంట్లో మిగిలిన పాత మగ్గం సామాను ఫోటోలు తీసి, ఒక్కోదాని పేరూ తెలుగులో, మరాఠీలో రాసి పేజీ పెట్టుకున్నారు. నాడె ఫోటో కింద, ఇది గద్వాలలో ఎలా ఆడుతుందో ఈ వ్యాసంలో చదవండి అని నాకు లింకు ఇచ్చారు. నేను అడగలేదు, వారు చెప్పలేదు. ఎక్కడి నుంచి ఎవరొస్తున్నారో చూసే లెక్కల్లో ఆ పేరు తగిలి వెళ్లి చూశాను. ఎక్సెల్ షీటు కుర్రవాళ్లు ఆ సైటు డీఏ చూస్తే నవ్వుతారు. కానీ అక్కడి నుంచి వచ్చినవారు వ్యాసం చివరిదాకా చదివి, కుప్పడం పేజీకి కూడా వెళ్తున్నారు, ఎందుకంటే నా దగ్గర ఆ ‘ఇక్కడ’ తెరుచుకుంటుంది. లింకుల నాణ్యత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇక మీదట ఆ పేజీ చూపిస్తాను.

పోర్టల్ వారి మార్కెటింగ్ విభాగానికి కూడా జవాబు పంపాను. నా రచన పునర్ముద్రణకు ఒక ధర, ఫోటోకు ఒకటి, ‘సేకరణ’ అన్న మాట వాడితే రెట్టింపు, రచయిత పేరూ మూలానికి లింకూ ఇచ్చినవారికి ఉచితం అని నా రేట్ కార్డు జతపరిచాను. చూశారో లేదో తెలియదు.

షోలాపూర్ వారికి మాత్రం నా వ్యాసంలోనే, నాడె ప్రస్తావన వచ్చే వాక్యంలో, తిరిగి లింకు ఇచ్చాను. వారి పేజీలో ఉన్నంత మంచి నాడె ఫోటో నా దగ్గర లేదు. ఇది లింకుల మార్పిడి అని గూగుల్ వారికి అనుమానం వచ్చి లెక్కలోంచి తీసేస్తే తీసేసుకోనీయండి, నేను మాత్రం తీయను.

ఇట్లు,
తమ విధేయుడు,
గద్వాల చీర వ్యాసకర్త
రెండో పేజీ, అడుగు వరస