ఒక్క ఫ్రేములో ఇసుకే కనిపిస్తుంది

"ఏ యాప్‌లో చేశావు?"

నేను పెట్టిన పాలపుంత ఫొటో కింద మొదటి ప్రశ్న ఇదే. కోపం రాలేదంటే అబద్ధం. ఆ ఫొటో వెనక మూడు అమావాస్యలున్నాయి. మొదటిదాన్ని మబ్బులు మింగేశాయి. రెండోసారి లెన్సు మీద తేమ పట్టిందని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. మూడోసారి కుదిరింది.

నేను పెద్ద ఓపికమంతుణ్ణేం కాను. లిఫ్ట్ బటన్ నాలుగుసార్లు నొక్కే బాపతు. ఆకాశం దగ్గర ఆ పప్పులేం ఉడకవు. చీకటికి కళ్ళు అలవాటు పడడానికే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగించామా, కథ మళ్ళీ మొదటికి.

ఇక కెమెరా సంగతి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, ట్రైపాడ్ మీద 24 ఎం.ఎం. లెన్సు పెట్టి షట్టరు 20 సెకన్లకు మించి తెరిచి ఉంచితే చుక్కలు గీతలైపోతాయి. ఆ 20 సెకన్లలో వచ్చే ఫొటో దరిద్రంగా ఉంటుంది. రంగురంగుల ఇసుక చల్లినట్టు, అంతా నాయిస్. అందుకే అదే చోటును వందసార్లు తీసి, చుక్క మీద చుక్క పడేలా పేర్చి సగటు తీస్తాం. నాయిస్ ఒక్కో ఫ్రేములో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి పదో వంతుకు పడిపోతుంది. అలా పేర్చాక నక్షత్రం మాత్రం ప్రతి ఫ్రేములోనూ ఉన్నచోటే ఉంటుంది. ఇసుక కింద, మనకు కనపడకుండా.

నలభయ్యో ఫ్రేము దగ్గర తెర మీద ఏమీ లేకపోయినా "ఇందులో ఉంది" అనుకుని మళ్ళీ షట్టరు నొక్కుతామే, నమ్మకం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం అంతవరకే. దాన్ని దేవుడిదాకా తీసుకెళ్ళాలా అన్నది ఎవరిష్టం వారిది. నేను కాస్త తీసుకెళ్తాను.

అలాగని "ఓపిక పడితే ఫలితం గ్యారంటీ" అనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మంట. లె జాంతీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త 1761లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడాలని పుదుచ్చేరికి బయల్దేరాడు. దారిలో ఉండగానే ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. శుక్రుడు దాటే రోజున ఆయన నడిసముద్రంలో, ఊగే ఓడ మీద. కొలతలేం కుదురుతాయి? శుక్రుడు మళ్ళీ దాటేదాకా, ఇంటికి పోకుండా ఎనిమిదేళ్ళు ఆగాడు. 1769 జూన్ 4న పుదుచ్చేరిలోనే అన్నీ సర్దుకుని కూర్చుంటే సరిగ్గా ఆ వేళకే మబ్బు! ఆ తర్వాతి అవకాశం 1874లో. 1771లో ఇల్లు చేరేసరికి, పోయాడనుకుని ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు బంధువులు. ఓపిక ఫలిస్తుందని ఆయనకు చెప్పి చూడండి.

అయితే ఆ ఎనిమిదేళ్ళలో ఆయన మడగాస్కర్ తీరానికి మ్యాపులు గీశాడు, ఇక్కడివాళ్ళు గ్రహణాలు లెక్కగట్టే పద్ధతి నేర్చుకున్నాడు. నాకు ఆయనలో నచ్చేది ఈ ముక్కే.

యాప్ అడిగినాయనకు: ఫ్రేములు పేర్చడానికి సీక్వేటర్ వాడాను, ఉచితమే. ఈ అమావాస్యకు మాత్రం మబ్బు అంటున్నారు.