సవరణ: ఇంద్రకీలాద్రి, హిమాలయాలు ఒకే వయసువి కావు

మొన్నటి పోస్టులో, భారత ఫలకం (మన దేశాన్ని మోస్తూ మెల్లగా కదిలే భూమి పైపొర ముక్క) ఆసియాను ఢీకొన్నప్పుడు హిమాలయాలతో పాటే మన బెజవాడ కొండలు కూడా పైకి లేచాయని రాశాను. అది తప్పు. జియాలజీ చెప్పే లెక్చరర్ ఒకరు చదివి మెసేజ్ పెట్టారు. ఆ తర్వాత తూర్పు కనుమల మీద భూగర్భ శాస్త్రజ్ఞులు రాసినవి చూశాను. ఆయన చెప్పిందే నిజం.

ఆ ఢీ మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. మన కొండల్లోని ఖోండలైట్ రాయి వయసు 100 కోట్ల ఏళ్ల పైమాటే. ఒకప్పుడు బురదగా, మట్టిగా పేరుకున్నది భూమి లోతుకు దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ రూపం మారి రాయి అయింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో అరిగిపోయాక ఇలా బయటపడింది. నిన్న సాయంత్రం కొండ పక్కన రాలిన ఒక ముక్క చేతిలోకి తీసుకుని ఎండకు తిప్పి చూశాను. దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలు! అవి గార్నెట్లు. అంత లోతున తయారైన రాయి అనడానికి అవే గుర్తు.

ఇంకొకటి. ఫలకాలు కరిగిన లావా మీద తేలుతున్నాయని నేను రాయలేదు కానీ, చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు. ఫలకాల కింద, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న మాంటిల్ చాలావరకు ఘనపదార్థమే. వేడికి మెత్తబడి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా జరుగుతుంది. ద్రవంగా ఉన్న పొర దాని కిందిది, బాహ్య కేంద్రకం. భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలు ఘనపదార్థం గుండానే వెళ్లగలవు, ద్రవంలో వెళ్లలేవు. అవి మాంటిల్ గుండా వెళ్తాయి, బాహ్య కేంద్రకం దగ్గరికి చేరాక ఆగిపోతాయి.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను.