ఒక్క పిల్లాడు, రెండు రాష్ట్రాల కాగితాలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్రా. పిల్లాడి జనన ధృవీకరణ పత్రం ఇక్కడిది, టీకాల కార్డు ఒడియాలో, ఆసుపత్రి చీటీలన్నీ శ్రీకాకుళంవి. మొన్న బడివాళ్లు బర్త్ సర్టిఫికెట్ అడిగితే ఇల్లంతా తిరగేశాను. చివరికి అత్తయ్య బీరువాలో, పాత కరెంటు బిల్లుల మధ్య దొరికింది. పిన్ను తుప్పు పట్టి తేదీ మీద మరక పడింది.

పేరు చూస్తే ఇంకా మంట. వాడు వెంకట సాయి. ఒడియాలో 'వ' నోట 'బ' అవుతుంది కదా, కాగితం మీద బెంకటయ్యాడు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడ చివర రాస్తారు. దాంతో ఈ కాగితంలో పిల్లాడు ఆ కాగితంలో పిల్లాడు కాడట! 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు పుట్టిన తేదీకి జనన ధృవీకరణ పత్రమే రుజువు. మావాడు అంతకు ముందే పుట్టాడు, మాకు అన్నీ కావాలి.

అన్నిటికీ మించింది మా ఆయన ఘనకార్యం. "పదికాలాలు ఉంటుందే" అని పిల్లాడి రెండేళ్లప్పటి ఈసీజీ (గుండె పరీక్ష) కాగితాన్ని లామినేషన్‌కి ఇచ్చారు. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. ఊరికే పెట్టినా నెమ్మదిగా వెలిసిపోతుంది, యంత్రంలో పెడితే ఇక చెప్పాలా? బొగ్గులా తిరిగొచ్చింది. ఎప్పుడో ఒక ఫొటో తీసి పెట్టుకోవలసింది.

వచ్చే వారం డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాత ఈసీజీ తప్పకుండా తెమ్మన్నాడు.